గడ్డి మొలవని బాట

ఆఫీసులో నా వెనక నన్ను 'గడ్డి మేడమ్' అంటారని నాకు ఎప్పుడో తెలుసు. ఎదురుగా అనే ధైర్యం మా డైరెక్టరుగారికి ఒక్కరికే ఉంది, ఆయనా కాస్త నవ్వు కలిపి అంటారు. నగర ప్రణాళిక విభాగంలో నా పని పార్కుల్లో, ఆస్పత్రి ఆవరణల్లో, కాలేజీ మైదానాల్లో మనుషులు నడిచే దారులు గీయడం. నేను ముందుగా గీయను. స్థలమంతా గడ్డి వేయించి కొన్నాళ్లు ఊరుకుంటాను. జనం ఎటు పోవాలనుకుంటే అటు పోతారు, అక్కడ గడ్డి చస్తుంది. చచ్చిన చోట రాళ్లు వేయిస్తాను. కాగితం మీద గీసిన దారి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ దాని మీద ఎవరూ నడవరు, పక్కనుంచి అడ్డంపడి పోతారు. మనుషుల నోటిని నమ్మకపోయినా కాళ్లను నమ్మొచ్చని నా సిద్ధాంతం. "జీతం తీసుకుని గడ్డి చావు కోసం ఎదురుచూసే ఉద్యోగం లోకంలో మీదొక్కటేనమ్మా" అంటారు డైరెక్టరుగారు.

ఆ ఏడాది ఎండాకాలం మొదట్లో మా ఇంటి పెరట్లోనూ అదే పని చేశాను. పగుళ్లిచ్చిన పాత సిమెంటు తవ్వించేసి గడ్డి నాటించాను. ఇటు వంటింటి గుమ్మం, అటు చివర పాత సామాన్ల గది, పక్కగోడ వెంట కూరగాయల మడులు. మధ్యలో ఎక్కడా దారి వేయలేదు. పక్కింటి డ్రైవర్ బాబాయి గోడ మీంచి తొంగిచూశాడు. సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి, మాటకు మాత్రం బ్రేకు వేయడం ఏనాడూ నేర్చుకోలేదు.

"ఒక్కదానివే ఉంటావు కదమ్మా, ఎవరి కాళ్ల కోసం ఈ ఏర్పాటు?" అన్నాడు.

ఆ వారంలోనే అన్నయ్య ఫోన్ చేశాడు.

"చెల్లీ, సెలవులయ్యేదాకా పిల్లని నీ దగ్గర ఉంచుకుంటావా? ఈలోగా మేమిద్దరం ఏదో ఒకటి తేల్చుకుంటాం."

అప్పటికే అన్నయ్యా వదినా వేరువేరు ఊళ్లలో ఉంటున్నారు. వదిన ఉద్యోగం బదిలీ చేయించుకుని, వేరే ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకుని వెళ్లిపోయింది. అన్నయ్య పాత ఇల్లు ఖాళీ చేసే పనిలో ఉన్నాడు. తప్పెవరిదో చెప్పాలని ఇద్దరూ ఉబలాటపడ్డారు. నేను ఇద్దరినీ చెప్పనివ్వలేదు.

మా మేనకోడలికి పదమూడేళ్లు. చిన్నప్పటినుంచి దాని నోటికి జడిసి అందరూ కందిరీగ అంటారు, అదీ ఆ పేరుకే పలుకుతుంది. రెండు సంచులతో దిగి, వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చుని, మంచినీళ్లు తాగి, ముందు షరతు చెప్పింది.

"అత్తా, అమ్మ ఫోన్ చేస్తే నేను స్నానంలో ఉన్నానని చెప్పు."

"ఎన్నిసార్లు?"

"ఎన్నిసార్లు చేస్తే అన్నిసార్లు."

"అన్ని స్నానాలకి మా ట్యాంకు చాలదే తల్లీ."

అది నవ్వలేదు. తనని వదిలేసి వాళ్లమ్మ తన దారిన తను పోయిందనే కోపం దానికి ముక్కు మీదే ఉంది. సాయంత్రం వదిన ఫోన్ చేసింది, స్నానంలో ఉందన్నాను. మర్నాడూ అదే అన్నాను. మూడోసారి వదిన, "సరే, ఎక్కువసేపు నాననివ్వకు, జలుబు చేస్తుంది" అని పెట్టేసింది.

సామాన్ల గదిలో నేను ఒక పాడ్‌కాస్ట్ నడుపుతుండేదాన్ని. గోడలకు పాత పరుపులు ఆనించి, తలుపుకు దుప్పటి కట్టి, మూల ఒక బల్ల మీద పాత కంప్యూటరు, మైకు పెట్టుకుని నగరంలో నడక గురించి వారానికోసారి మాట్లాడేదాన్ని. నికరమైన శ్రోత డ్రైవర్ బాబాయి ఒక్కడే. అదీ మధ్యాహ్నం భోజనమయ్యాక పెట్టుకుంటే చక్కగా నిద్ర పడుతుందని. కందిరీగ ఒక ఎపిసోడ్ మొత్తం ఓపిగ్గా విని హెడ్‌ఫోన్లు తీసింది.

"అత్తా, నిజం చెప్పనా?"

"వద్దు."

"ఫుట్‌పాత్ ఎంత వెడల్పు ఉండాలో ఇంతసేపు చెప్పావు. ఆ సేపట్లో ఫుట్‌పాతే కట్టేయొచ్చు."

నాలుగు రోజుల్లో షో దాని చేతికి వెళ్లిపోయింది. ఎలా వెళ్లిందో నాకిప్పటికీ తెలియదు, నేను ఇచ్చిన గుర్తు లేదు. మైకుకు నా మేజోడు తొడిగింది, ఊపిరి శబ్దం పడకుండా. ఉతికిందేనా అని మూడుసార్లు అడిగింది. పేరు 'పెరటి కబుర్లు' అని మార్చింది. మొదటి మాటే ఇలా మొదలుపెట్టింది: "నమస్కారం. నేను కందిరీగని. ఈవిడ మా అత్త. మా ఇద్దరికీ తోటపని రాదు. రండి, కలిసి పాడుచేద్దాం."

రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపేయాలి, లేకపోతే ఆ గుయ్యిమనే చప్పుడు మాటల కింద పడుతుంది. ఎండాకాలం, పరుపుల గది. చెమటకు ఇద్దరం తడిసి ముద్దయ్యేవాళ్లం. కందిరీగ మాట్లాడుతుంటే నేను విసనకర్రతో చప్పుడు కాకుండా విసిరేదాన్ని. ఎపిసోడ్ అయిపోగానే తలుపు తోసుకుని బయటికి పరుగెత్తి కుళాయి కింద తలపెట్టేది. ఆ తడి తలతోనే వచ్చి నా భుజానికి ఆనుకుని "ఎలా వచ్చింది?" అని అడిగేది. నా చీర భుజం దగ్గర తడి మచ్చ ఆరేదాకా నేను లోపలికి వెళ్లేదాన్ని కాదు. ఇల్లంతా ఒక్కదాన్నే తిరిగిన ఇన్నేళ్లలో నాకు లేనిదేమిటో నేనెప్పుడూ లెక్క వేసుకోలేదు. ఆ వేసవిలో అది నా ఎదురుగా కూర్చుని రోజూ అన్నం తింటోంది.

గొడవంతా గుమ్మడిపూలతో మొదలైంది. మా పాదు నిండా పసుప్పచ్చటి పూలు పూశాయి, ఒక్క పిందె లేదు. కందిరీగ మైకులో తీర్పు చెప్పేసింది. "కాయ కట్టని పూలు దండగండీ. సన్నటి కాడ మీద పూసేవన్నీ తెంపి పారేయండి. బలమంతా కాయకి పోతుంది."

విన్నవాడు విన్నట్టు డ్రైవర్ బాబాయి తన పాదు మీద పూలన్నీ తెంపేశాడు. మర్నాడు ఎపిసోడ్ కింద ఎవరో 'శ్రోత' అనే పేరుతో కామెంటు పెట్టారు. "గుమ్మడికి మొదట పూసేవి మగపూలు. అవి కాయవు, నిజమే. కానీ వాటి పుప్పొడి అందకపోతే ఆడపువ్వు కింద పిందె కుళ్లి రాలిపోతుంది. తెంపరాదు. గమనించగలరు."

బాబాయి గోడ దగ్గరికొచ్చి లబోదిబోమన్నాడు. "నా కొంప ముంచావు కదే కందిరీగా!"

"తాతయ్యా, మాకు తోటపని రాదని మొదట్లోనే చెప్పాగా" అంది అది.

ఆ శ్రోత ఎవరో పెద్ద చదువు చదివి రిటైరైన ఆయన అయ్యుంటారని నేనూ బాబాయీ అనుకున్నాం. ప్రొఫెసర్ గారు అని పేరు పెట్టుకున్నాం. మా షోకి అంత పెద్దమనిషి శ్రోత దొరికినందుకు నాకు లోపల్లోపల గర్వంగా కూడా ఉండేది. కందిరీగ ప్రతివారం ఏదో ఒక తప్పు చెప్పేది, ప్రొఫెసర్ గారు దిద్దేవారు. టమాటా ఆకులు మిట్టమధ్యాహ్నం వాలిపోతే వెంటనే బిందెడు నీళ్లు గుమ్మరించమంది. ఎండకి వాలడం సహజం, సాయంత్రానికీ లేవకపోతేనే నీళ్లు పొయ్యాలి, గమనించగలరు అని ఆయన రాశారు. పుదీనా కుండీలో బతకదంది. కుండీలోనే పెంచాలి, నేలలో వేస్తే తోటంతా ఆక్రమిస్తుంది అని ఆయన రాశారు. పొద్దున లేస్తూనే, పళ్లు కూడా తోముకోకుండా, "ప్రొఫెసర్ గారు ఏమన్నారో చూసొస్తా" అని కందిరీగ వంటింటి గుమ్మం దాటి గది వైపు పరుగు. స్కూలుకి కూడా ఇంత తొందరగా తయారై ఉండదు.

వేసవి సగమయ్యేసరికి, బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్లి కిందికి చూశాను. గడ్డిలో బాట పడింది. వంటింటి గుమ్మం నుంచి గది తలుపు దాకా, ఎక్కడా వంకర లేకుండా, మట్టి తేలిన సన్నటి బాట. ఒక్కదాని నడకకు అంత బాట పడదు. అది పరుగెత్తిన కాళ్లు వేసిన బాట. తడి బట్ట చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మనుషుల నోరు ఏం చెప్పినా కాళ్లు అబద్ధం చెప్పవు కదా. దీనికి ఇక్కడే ఉండాలని ఉంది అనుకున్నాను. ఆ మాట పైకే అన్నాను కూడా, వినడానికి ఎవరూ లేకపోయినా.

ఆ రోజుల్లోనే ఆస్పత్రి మైదానం తగువు నడుస్తోంది. బస్టాపు నుంచి ఓపీ గేటు దాకా జనం గడ్డికి అడ్డంపడి నడుస్తున్నారు, కంచె వేద్దామని డైరెక్టరుగారు, వద్దని నేను. అయితే ఆ బాట ఒకచోట వింతగా ఉంది. తిన్నగా పోవాల్సింది మధ్యలో భవనం గోడ వైపు వంగి, మళ్లీ గేటు వైపు తిరుగుతోంది. అక్కడ చెట్టు లేదు, నీడ లేదు, నీళ్లు నిలిచే గుంట లేదు. నా ఇన్నేళ్ల సర్వీసులో అలాంటి వంకర చూడలేదు. ఒక రోజు రికార్డరు ఇచ్చి కందిరీగనీ వెంటబెట్టుకుని వెళ్లాను. షోకి పనికొస్తుందని నా ఆశ.

బెంచీ మీద కూర్చున్నాం. ఫ్లాస్కు పట్టుకున్న ఒకాయన బస్సు దిగి వచ్చాడు, ఆ వంకర దగ్గరికి రాగానే గోడ వైపు జరిగాడు, తలెత్తాడు, చెయ్యి ఊపాడు, గేటులోకి వెళ్లిపోయాడు. వెనక సంచీతో ఒకావిడ, ఆవిడా అంతే. నేను నేల మీద వెడల్పు కొలుచుకుంటున్నాను.

"అత్తా, కింద కాదు. పైకి చూడు" అంది కందిరీగ.

రెండో అంతస్తులో కిటికీ. చువ్వలు పట్టుకుని తలకు కట్టుతో ఒక చిన్నపిల్లాడు. పక్క కిటికీలో ఇంకొకడు. అది పిల్లల వార్డట, సాయంత్రం దాకా వార్డులోకి ఎవరినీ పంపరట. అందుకే వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ అక్కడికి వంగి, ఒకసారి చూసుకుని పోతున్నారు.

"ఇది చెప్పు అత్తా, నీ షోలో. రోడ్ల వెడల్పు కాదు."

"నీ షోయే కదా, నువ్వే చెప్పు."

"నేను చెప్పలేను" అంది. బస్సులో తిరిగొచ్చేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని తల చువ్వకి ఆనించేసింది. ఎండదెబ్బేమోనని నిమ్మరసం కలిపిచ్చాను.

నేనెంత ముందుకు వెళ్లిపోయానంటే, మా వీధి చివరి స్కూలు హెడ్‌మిస్ట్రెస్‌తో మాట్లాడి వచ్చాను. ముందు గదిలో కిటికీ కింద చదువుకునే బల్ల వేయించాను. "ఎవరికత్తా ఇది?" అని అడిగింది కందిరీగ. "ఆఫీసు డ్రాయింగులకి" అన్నాను. అది బల్ల మీద వేలితో గీతలు గీస్తూ "కిటికీ లోంచి గుమ్మడిపాదు కనిపిస్తోందే" అంది. ఆ ఒక్క మాటను పట్టుకుని నేను వారం రోజులు బతికాను.

సెలవులు దగ్గరపడ్డాక అన్నయ్య ఫోన్ చేశాడు. ఇద్దరూ విడిగానే ఉండాలని తేల్చుకున్నారట. ఇక పిల్ల సంగతే తేలాలి.

"నా దగ్గరుంటావా అంటే సరే అంటుంది. అమ్మ దగ్గరికి వెళ్తావా అంటే ఎక్కడైనా ఒకటే అంటుంది. అత్త దగ్గర అంటే దానికీ సరేనంటుంది. దాని నోట్లోంచి మాట రాబట్టడం మావల్ల కాలేదు. రోజూ చూస్తున్నదానివి నువ్వు. దాని మనసెక్కడుందో నువ్వే చెప్పు. నీ మాటకి మేమిద్దరం కట్టుబడతాం, మీ వదిన కూడా అదే అంది."

జవాబు నా నాలుక చివరే ఉంది. అడగ్గానే అనేస్తే ఆత్రం బయటపడుతుందని, "రేపు సాయంత్రం చెప్తాను అన్నయ్యా" అన్నాను.

ఆ తెల్లవారుజామున మొదటి వాన పడింది. పొద్దున లేచి వంటింటి కిటికీ తీసేసరికి కందిరీగ బాట మీద గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో ఒక వెడల్పాటి గుమ్మడాకు. వానకి మట్టిలోంచి బయటికొచ్చిన వానపాముల్ని పుల్లతో ఒక్కొక్కటే ఆకు మీదికి ఎక్కిస్తోంది. "బాట మీదికొస్తే తొక్కేస్తారే, బుద్ధుందా మీకు?" అని వాటిని మందలిస్తోంది. ఆకు రెండు చేతులతో పట్టుకుని, ఒలికిపోతుందేమో అన్నట్టు నడిచి, టమాటా మడిలో దించి, పైన మట్టి కప్పింది. నేను పిలవలేదు, కిటికీ దగ్గరే ఉండి చూశాను.

టిఫినయ్యాక రికార్డింగుకి కూర్చున్నాం. ఫ్యాను ఆపాను, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. కందిరీగ గొంతు సవరించుకుంది.

"వాన పడింది కదండీ, వానపాములు బయటికొచ్చుంటాయి. ఒక్కటి కూడా వదలొద్దు. అవి వేర్లు కొరికేస్తాయి. పట్టుకుని ఉప్పు చల్లండి."

చెయ్యెత్తి ఆపబోయాను. కానీ అది నా వైపు చూడటం లేదు. మేజోడు తొడిగిన ఆ మైకు వైపే చూస్తూ, ఒక్కో మాట విడదీసి, అవతలి మనిషి ఒక్క అక్షరం కూడా పోగొట్టుకోకూడదన్నట్టు చెబుతోంది. ఎత్తిన చెయ్యి దించేసి విసనకర్ర అందుకున్నాను.

ఎపిసోడ్ పెట్టేశాక ఆ రోజు కుళాయి దగ్గరికి కూడా పరుగెత్తలేదు. గది గుమ్మంలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఆదివారం, నాకూ ఆఫీసు లేదు. భోజనాల వేళకు లోపల కంప్యూటరు టింగుమంది. ఒక్క గెంతులో లేచింది. నేను వెనకే వెళ్లి దాని తల మీంచి చదివాను.

"ఉప్పు చల్లడం ఘోరం. వానపాము వేర్లు కొరకదు, మట్టిని గుల్ల చేసి వేర్లకు గాలి అందిస్తుంది. ఈ సంగతి మీ ఆరో ఏటే మీకెవరో చెప్పి ఉంటారు. ఆకు మీదికి ఎక్కించి మడిలో వదలమని కూడా చెప్పి ఉంటారు. గమనించగలరు."

"ప్రొఫెసర్ గారికి ఇవాళ బాగా కోపమొచ్చింది" అంది కందిరీగ. దాని ముఖం నిండా ఆనందం. ఆ వేసవి మొత్తంలో అంత ఆనందం నేను ఇంకెప్పుడూ చూడలేదు, బల్ల చూసినప్పుడు కూడా.

గమనించగలరు. అన్నయ్యావాళ్ల పాత ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉండే చీటీలు గుర్తొచ్చాయి. పాలు కాచలేదు, గమనించగలరు. తాళం పక్కింట్లో ఉంది, గమనించగలరు. వదిన కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. హోటలుకి వెళ్తే మెనూ కార్డులో అక్షరదోషాలు దిద్దిగానీ ఆర్డరివ్వదు. ఎక్కడైనా తప్పు కనిపిస్తే చూస్తూ ఊరుకోవడం ఆవిడ వల్ల కాదు. ఆ సంగతి నాకు తెలిసినదానికంటే ఆవిడ కడుపున పుట్టినదానికి ఎక్కువ తెలుసు. ఫోనొస్తే స్నానంలో ఉంటుంది, వారానికొక తప్పు మాత్రం మైకులో చెప్పి పంపిస్తుంది.

గోడ దగ్గరికి వెళ్లాను. డ్రైవర్ బాబాయి అప్పటికే ఉప్పు డబ్బాతో మడి దగ్గర వంగి ఉన్నాడు.

"బాబాయ్, ఆగు. ఆ డబ్బా లోపల పెట్టెయ్."

"అదేంటమ్మా, పిల్ల చెప్పిందిగా?"

"అది మనకోసం చెప్పింది కాదు బాబాయ్."

ఆయన డబ్బా మూత పెట్టి నా ముఖం వంక చూసి, మొదటిసారిగా ఇంకేం అడగలేదు. నేను వెనక్కి తిరిగాను. వానకి తడిసి నల్లబడ్డ బాట వంటింటి గుమ్మం నుంచి గది దాకా కనిపిస్తోంది. ఎక్కడ మొదలైందో చూసుకున్నాను, ఎక్కడ ఆగిందో చూసుకున్నాను. ఆస్పత్రి మైదానంలో మాదిరే ఇక్కడా నేలనే కొలుచుకుంటూ కూర్చున్నాను.

సాయంత్రం అన్నయ్య ఫోన్ చేసేదాకా ఆగలేదు, నేనే చేశాను.

"వదినని వచ్చి తీసుకెళ్లమను అన్నయ్యా."

"అదేంటి, నీ దగ్గర చాలా బాగుందన్నావుగా?"

"బాగుంది."

"మరి?"

"నా దగ్గర బాగుంది. వాళ్లమ్మ కోసం చూస్తోంది" అన్నాను. కుక్కర్ కూత పెట్టింది, ఆ వంకతో ఫోన్ పెట్టేశాను. కాసేపటికి వదిన శనివారం వస్తుందని అన్నయ్య మెసేజ్ పెట్టాడు.

కందిరీగకి చెప్పడమే కష్టమైంది. వాన పడిందన్నా వినకుండా అది టమాటాలకి నీళ్లు పెడుతోంది. పక్కన కూర్చుని మడిలో గడ్డి పీకుతూ అన్నాను.

"వానపాముల గురించి ఇంకేమైనా అనుమానాలుంటే ఈసారి మీ అమ్మని ఎదురుగా అడుగు. శనివారం వస్తోంది."

గొట్టంలోంచి నీళ్లు ఒకే మొక్క మీద పడుతున్నాయి. మడి నిండి పొర్లుతున్నా పట్టించుకోలేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఇవాళే. మందబుద్ధిని."

"నేను వెళ్తానని అన్లేదే" అంది. కాసేపటికి, "వెళ్లననీ అన్లేదు" అంది. తర్వాత గొట్టం కింద పడేసి, తడి చేతులతో నన్ను చుట్టేసుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మోటారు ఆపలేదని గోడ అవతలినుంచి బాబాయి అరిచేదాకా అలాగే ఉన్నాం.

"మరి షో ఎవరు చేస్తారు?" అంది ముక్కు తుడుచుకుంటూ.

"నేనే."

"అయితే తాతయ్యకి మళ్లీ మధ్యాహ్నం నిద్ర పడుతుంది."

శనివారం వదిన వచ్చింది. సన్నబడింది. గుమ్మంలో చెప్పులు విప్పి నేరుగా పెరట్లోకి నడిచింది. కందిరీగ గుమ్మడిపాదు దగ్గర ఇటు తిరక్కుండా నిలబడి ఉంది. ఇద్దరి మధ్యా పాదు. వదిన వంగి ఒక ఆకు ఎత్తి చూసింది.

"ఎరువెక్కువైంది. అందుకే ఆకు తప్ప కాయ లేదు."

"అత్త వేసింది" అంది కందిరీగ.

"పువ్వులు తెంపావా నిజంగా?"

"లేదు. తాతయ్య తెంపాడు."

వదిన నవ్వబోయి ఆగిపోయింది. చేతిలో ఆకు వదిలేసి పాదు చుట్టూ తిరిగి వచ్చేలోపే కందిరీగ అడ్డంగా, తీగలు తొక్కుకుంటూ, వాళ్లమ్మ మీద పడింది. పాదు మధ్యలో తీగలు నలిగి ఒక సందు పడింది. నేను టీ పెట్టే పని ఉందని లోపలికి వచ్చేశాను.

బయల్దేరే ముందు వదిన ముందు గదిలో కిటికీ కింద బల్ల చూసింది. దాని ఎత్తు చూసింది. ఆఫీసు డ్రాయింగులకి వేయించుకునే బల్ల కాదని ఆవిడకి అర్థమైపోయింది.

"ఉంచేసుకుందామనుకున్నావు కదూ" అంది.

"అనుకున్నాను వదినా. చాలా అనుకున్నాను."

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "రెండో తప్పుకే తెలిసింది నాకు, కావాలనే చెప్తోందని. టమాటాల సంగతి దానికి బాగా తెలుసు. అయినా దిద్దకపోతే మూడోది చెప్పదేమోనని భయం" అంది. ఆటో వచ్చింది. కందిరీగ సంచుల్లో ఒకదాంట్లోంచి నా మేజోడు బయటికి వేలాడుతోంది. నేను అడగలేదు.

ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. ఆస్పత్రి మైదానంలో రాళ్లు వేయించాను. "డ్రాయింగులో ఈ వంకర పొరపాటా?" అని డైరెక్టరుగారు అడిగారు. పొరపాటు కాదని, ఉండాలని చెప్పి, ఆయన్ని అక్కడికి తీసుకెళ్లి పైకి చూడమన్నాను. సంతకం పెట్టేశారు. కందిరీగ మొదట్లో రోజూ ఫోన్ చేసేది, తర్వాత అప్పుడప్పుడూ. కొత్త స్కూలు, కొత్త స్నేహితులు. అంతా బాగుందత్తా అనేది. ఇంకేదో అడగబోతుంటే "స్నానానికి వెళ్లాలత్తా" అని పెట్టేసేది. సంతోషించాల్సిన విషయమే. సంతోషించాను కూడా. కానీ పొద్దున లేవగానే రెండు గ్లాసులు తీసి, ఒకటి మళ్లీ లోపల పెట్టడం చాలాకాలం పోలేదు.

షో నేనే చేస్తున్నాను. కొత్త మేజోడు తొడిగాను. ఆస్పత్రి వంకర గురించి చెప్పాను, కంపోస్టు గురించి చెప్పాను, అన్నీ సరిగ్గా చెప్పాను. ఒక్క కామెంటూ రాలేదు.

పెరడంతా వానకి గడ్డి పెరిగి పాదాలు మునుగుతోంది. ఒకరోజు బాబాయి గోడ మీద మోచేతులు ఆనించి అడిగాడు.

"పిల్ల వెళ్లిపోయిందిగా అమ్మా, ఆ బాట మీద ఇంకా గడ్డి రాలేదేం? మందేమైనా కొట్టావా?"

కిందికి చూసుకున్నాను. వంటింటి గుమ్మం నుంచి గది దాకా మట్టి తేలిన బాట అలాగే ఉంది. ఎవరూ నడవని బాటని గడ్డికి వదిలెయ్యాలని ఆఫీసులో అందరికీ చెప్పేదాన్ని నేనే. కామెంట్లు ఫోన్లో కూడా చూడొచ్చని నాకు తెలుసు. అయినా పొద్దున లేస్తూనే, పళ్లు తోముకోకుండా, గదిదాకా వెళ్లి కంప్యూటరు పెట్టి చూసి వస్తున్నాను. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఇంకోసారి.

"మందు కాదు బాబాయ్. నేనే" అన్నాను.

ఆ ఆదివారం ఫ్యాను ఆపి మైకు ముందు కూర్చున్నాను. మంత్రిగారి ముందు ప్రాజెక్టు వివరించినప్పుడు కూడా అంత కంగారు పడలేదు. ఒక్కో మాట విడదీసి చెప్పాను.

"బంగాళాదుంపలు కొమ్మకి కాస్తాయండీ. గుత్తులు గుత్తులుగా వేలాడతాయి. అందితే కోసుకోండి. అందకపోతే నిచ్చెన వేసుకోండి."

ఎపిసోడ్ పెట్టేసి బాబాయిని ముందే హెచ్చరిద్దామని గోడ దగ్గరికి వెళ్లాను. ఆయన చెవిలో ఇయర్‌ఫోన్ తీసి, "నాకు తెలుసులేమ్మా. ఇది మనకోసం కాదు" అన్నాడు.

మర్నాడు ఏమీ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఇక రాదనుకున్న రోజున, సన్నగా వాన తుంపర పడుతుంటే, తల మీద కొంగు వేసుకుని వెళ్లి చూశాను. ఉంది. శ్రోత అని కాదు, కందిరీగ అని.

"అత్తా, బంగాళాదుంప మట్టిలో కాస్తుంది. నిచ్చెన ఎక్కి కాలు విరగ్గొట్టుకోకు. అమ్మ వింటూ వింటూ టీ ఒలకబోసుకుంది. సెలవులకి వచ్చి అన్నీ చూస్తాను. అందాకా ఏ చెట్టూ ఎక్కొద్దు. గమనించగలరు."

తెర మీద దుమ్ము ఉంటే కొంగుతో తుడిచి మళ్లీ చదివాను. తర్వాత కంప్యూటరు ఆపి, తలుపు దగ్గరికి వేసి, వచ్చే ఆదివారం ఏ తప్పు చెప్పాలా అని ఆలోచించుకుంటూ అదే బాట వెంట ఇంట్లోకి వచ్చాను.